రెండు సూతులు

దేవరకొండ రోడ్డు మీద, పెట్రోలు బంకు దాటినంక మా షెడ్డు.
బోర్డు మీద రాసింది: సీట్లు, టాపులు, ట్రాక్టరు కుషన్లు.
రాయనిది: పెండ్లి కారుకు పరదాలు,
పీనుగ బండికి గూడ.

ఒకనాడు పొద్దుగూకంగ, డీసీఎం ఎనక తాడు కట్టి
పశువుల డాక్టరు ఉపేందర్ ఒక కారు గుంజుకొచ్చిండు.
ఇంగిలీషుది. ఒకప్పుడు ఎర్రగుండెనంట.
మిర్యాలగూడ మిల్లుల ముప్పయ్యేండ్లు
గోనెసంచుల కింద పండుకున్నది,
డోరు సందులకెల్లి ఇంకా ఊక రాలుతున్నది.
మా మేక దాని మీదికెల్లి దుంకి
ఏం కానట్టు అవతల నిలబడ్డది, గంతే ఎత్తు.

టాపేదంటే, ఎలుకలు ఇడిసిపెట్టింది చూపెట్టిండు.
మూడు ఇనుప కమాన్లు, వాటికి నాలుగు పోగులు,
కరెంటు తీగకు చిక్కిన పతంగి
వానకాలం దాటినంక ఉన్నట్టు.

ఇప్పుదామంటే ఒక్క పానా పట్టలేదు.
పది ఎక్కదు, పదకొండు జారుతది.
"మిల్లీమీటర్లు పుట్టక ముందటి నట్టురా అది"
అన్నడు పెద్దనాయన, స్టూలు మీదికెల్లి.
బాయి కాడి ఆయిలింజను పానాలు
డాల్డా డబ్బల దాసుకున్నడు ఇన్నేండ్లు,
బాయి ఎండినా, ఇంజను తుక్కుకు పోయినా.
నట్టు కిర్రుమన్నది. తిరిగింది.

పెద్దనాయనది మర్రిగూడ బోరునీళ్లు తాగిన ఎన్ను.
మెడ తిప్పాలంటే మనిషే తిరగాలె.
లేసి నిలబడితే ఆయన కండ్లు
సక్కగ ఆ కారు డోరు ఎత్తుకొస్తయి.
"ఈ బండి నా కొలతకే చేసిండ్రు" అని నవ్విండు.
ఇద్రీసు నవ్వలేదు. నేను నవ్విన.

బట్ట పట్నంకెల్లి తెప్పిచ్చి ఒక దినమంత ఎండల పరిసినం.
నీడల కుడితే ఎండల గుంజుకుంటది.
కుట్లకు మైనం, అంచుకు బీడింగు,
ఎనక కిటికీకి పలక అంత ప్లాస్టిక్కు.
అంతా అయి, ముందటి అద్దం పట్టీ దాక లాగితే
రెండు సూతులు తక్కువ.
మళ్ల కొలిసిన. బట్ట సరిగనే ఉన్నది. పట్టీ సరిగనే ఉన్నది.
ఆ రాత్రి అన్నం సయించలేదు.

తెల్లారి పెద్దనాయన కండ్లు మూసుకొని
కమాన్ల మీద అరచెయ్యి నడిపిచ్చిండు,
బర్రె కడుపు చూసే డాక్టరు లెక్క.
నడిమిది కాడ ఆగిండు.
"ఎవడో పొడుగోడు, టాపుండంగనే లేసిండు.
వాని నెత్తి ఇంకా ఈడనే ఉన్నది."

పక్క వెల్డింగు షాపుల జర కాక చూపిచ్చి
రెండు యాపమొద్దుల నడుమ పెట్టి
ఇద్రీసు ఒక దిక్కు, నేనొక దిక్కు, ఒత్తినం.
మెల్లగ, మెల్లగ, సక్కగైంది.
చల్లారేదాక పెద్దనాయన దాన్నే చూసిండు.
"దీనికైతే అయింది" అన్నడు.

టిచ్చు గుండీలు పదకొండే దొరికినయి.
పన్నెండోది మా చెల్లె బిడ్డ రెయిన్‌కోటుది పీకిన.
మూడేండ్లల్ల రెండుసార్లు తడిసిన కోటు, అడగదనుకున్న.
అడిగింది.

వాన సీమల పుట్టిన టాపు. వానకే చూడాలె.
మొగులు లేదు. బోరు ఇప్పి బకెట్లతోని పోసినం.
లోపల సీటు మీద ఒక్క సుక్క పడలే.
ఎండినంక నల్లటి బట్ట మీద తెల్లటి గీతలు,
పటంల ఏర్లు గీసినట్టు.
"ఏందివి?" అన్నడు డాక్టరు.
"మా నీళ్ల దస్కతు" అన్నడు పెద్దనాయన.
నిమ్మచెక్కతోని రుద్దిన. కొన్ని పోయినయి.

ఒక చక్కరు కొడదాం రమ్మంటే, టాపు కిందికెల్లి
ఆయన ఎన్ను దూరలేదు.
పన్నెండు గుండీలు ఇప్పిన. వారం కష్టం
వెనకకు మడిసిపెట్టిన, మొదటి దినమే.
ఇద్దరం ఎత్తి కూసోబెట్టినం.
మెడ తిరగదు గద,
పక్క అద్దం ఆయన దిక్కు తిప్పిన.

బంకు మూల మర్రేదాక
అండ్ల షెడ్డు, మేక, నేను
చిన్నగైకుంట కనబడ్డమంట.
మేకనే బాగ కనబడ్డదంట.